కుళ్లాయమ్మ సెలవు కేసు

ప్రపంచంలో ఏ రాజ్యాంగానికీ జరగనన్ని సవరణలు, తొంభై మూడులో, మస్కట్ పక్కన అల్ హైల్‌లో, ఖమరుద్దీన్ చాయ్ కొట్టు ఫ్రిజ్ తలుపుకు అంటించిన బొమ్మల కథకు జరిగాయి.

కథ పేరు 'కుళ్లాయమ్మ డ్యూటీ'. అరబ్బుల ఇంట్లో పనిచేసే కడప మనిషి కుళ్లాయమ్మ తిప్పలు ప్రతి శుక్రవారం ఆరు గళ్లలో కొత్తగా వెలిసేవి. నాలుగేళ్లుగా గీస్తున్నది ఖమరుద్దీన్ మేనకోడలు హసీనా. మస్కట్‌లోని ఖురం పేటలో ఒక ఇంట్లో ఆమెకు పని. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం మామ కొట్టులో చాయ్ అందించేది. గీసేది ఆమేనని మామకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరో మగాడేనని పాఠకులు మొదటి వారమే తేల్చేశారు కాబట్టి (విచారణ అవసరం పడలేదు) చెప్పే సందర్భమూ రాలేదు.

అభిమానులు పెరిగేకొద్దీ క్రమశిక్షణ అవసరమై హాస్య పర్యవేక్షణ సంఘం పుట్టింది. అధ్యక్షుడు కరీంనగర్ రఘుపతి సైట్‌లో ఇనుప కడ్డీలు వంచేవాడు, ఇక్కడ కథను వంచేవాడు. సంఘం తీర్మానాలను గీసేవాడికి చేర్చే బాధ్యత ఖమరుద్దీన్‌ది. నిబంధనల ప్రకారం ఆఖరి గడి చదవకముందే నవ్వినవాడు అందరికీ చాయ్ పోయించాలి. చదువు రానివాళ్లకు చదివి వినిపించాక వచ్చే నవ్వును రెండో విడతగా పరిగణించాలి. కథ మునుపే బాగుండేదని వాదించేవాళ్లు గోడవైపు బెంచీ మీద కూర్చోవాలి. (ఆ బెంచీ కథ మొదలైన రెండో వారానికే నిండిపోయింది.)

ఆ శుక్రవారం కుళ్లాయమ్మ ఊరికెళ్లడానికి సెలవడిగింది. మేడమ్ "మాఫీ ఇజాజా" అంది. అరబ్బీలో సెలవు లేదని అర్థం. కుళ్లాయమ్మకు తెలిసింది మాత్రం అప్పు మాఫీ, తప్పు మాఫీ. అడిగిన తప్పు మన్నించి సెలవిచ్చారనుకుని, మేడమ్ చేతులు కళ్లకద్దుకుని పెట్టె సర్దేసింది.

"ఇంత ఎర్రి మనిషి యాడన్నా ఉంటాదా? గీసేటోడు నవ్వించేది మర్సిపోయినాడప్పా," అన్నాడు ప్రొద్దుటూరు ఓబులేసు.

"నేనున్న గద," అన్నాడు మేస్త్రీ దేవయ్య, చాయ్ ఊదుకుంటూ. "నా ఫోర్మన్ గూడ గట్లనే అన్నడు. కాళ్లు మొక్కి, రూమ్‌ల అందరికి మిఠాయి పంచిన."

"ఫోర్మన్ ఏమన్నడే?" అన్నాడు రఘుపతి.

"ఆయన గూడ తిన్నడు. తిని, సైట్ మీదికి గుంజుకపోయిండు."

కొట్టు కొట్టంతా విరగబడి నవ్వింది. రఘుపతికి చాయ్ ముక్కులోంచి వచ్చింది. అది ఏ విడత నవ్వో ఎవరూ నిర్ణయించలేకపోయారు.

వంటగది తెర వెనక హసీనా చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వింది. వచ్చిన కొత్తలో తనూ అలాగే పెట్టె సర్దుకుంటే, మేడమ్ దగ్గరుండి విప్పించింది. తను ఊరికెప్పుడు వెళ్తుందో తెలియదు, కుళ్లాయమ్మనైనా పంపించాలనుకుంది. వచ్చే వారం బొమ్మలు అప్పటికే గీసి పెట్టింది. మొదటి గడిలో విమానం, ఆఖరి గడిలో కడప బస్టాండు.

నవ్వులు ఆగాక రఘుపతి ముక్కు తుడుచుకుని లేచాడు.

"నవ్వింది సాలు. ఇగ అసలు ముచ్చట. ఈమె ఊరికి పోతే ఏమైతది?"

"పిల్లోళ్లను సూసుకుంటాది," అన్నాడు ఓబులేసు.

"కథ ఒడుస్తది! వచ్చే శుక్రారం ఫ్రిజ్ మీద ఏం జూస్తవ్? సోడా సీసాలా?"

ఈ ప్రమాదం ఎవరికీ తట్టలేదు. గోడవైపు బెంచీ కూడా గతుక్కుమంది.

హసీనా చాయ్ ట్రే పట్టుకుని వచ్చి, ఎన్నడూ లేనిది, నోరు విప్పింది.

"పోనీండన్నా. నాలుగేండ్లయింది గదా ఆయమ్మ ఇల్లు సూసి."

"చెల్లే, అది బొమ్మ," అన్నాడు రఘుపతి ఎంతో ఓపికగా. "బొమ్మకు ఇల్లేడిది?"

హసీనా మామ వైపు చూసింది. శుక్రవారం బేరమంతా ఆ ఫ్రిజ్ తలుపు మీదే నడిచే ఖమరుద్దీన్ పాలగిన్నెలోకి చూశాడు.

"చాయ్ సల్లారతాది, ఇయ్యమ్మీ," అన్నాడు.

హాస్య ప్రయోజనాల దృష్ట్యా కుళ్లాయమ్మకు సెలవు నిరాకరించడమైనదనీ, పెట్టె వచ్చే శుక్రవారంలోగా విప్పవలెననీ రఘుపతి తీర్మానం చదివాడు. కాదనేవాళ్లను చేతులెత్తమన్నాడు.

హసీనా రెండు చేతుల్లోనూ ట్రే ఉంది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.