చైనా మీదుగా పక్క గల్లీకి

పెద్దలను అడిగి తెలుసుకునే కాలం పోయింది. పీడ వదిలింది! ఇప్పుడు ఫోనుతో ఫొటో తీస్తే చాలు. ఆ వస్తువు ఏమిటో, ఎక్కడ పుట్టిందో, దాని వయసెంతో యాప్ టకటకా చెప్పేస్తుంది. అలాంటి యాప్‌ను ఆడిపోసుకునే వాళ్లను చూస్తే ఈ వ్యాసకర్తకు ఒళ్లు మండుతుంది.

తప్పులు చెబుతుందట! చెప్పనివ్వండి. తప్పు చెప్పని నిపుణుడు మనకు ఎన్నడైనా దొరికాడా? బోరు పాయింటు చూసినవాడు చెప్పిన చోటల్లా నీళ్లు పడ్డాయా? అయినా వాడికి కొబ్బరికాయ, తాంబూలం ఇచ్చి పంపలేదూ? ఫోను పాపం కొబ్బరికాయ కూడా అడగదు. ఇంకా అనుమానం ఉంటే జడ్చర్ల దివాకర్ సంగతి వినండి.

దివాకర్‌కు బాదేపల్లి గంజ్ మార్కెట్టు దగ్గర జిరాక్సు సెంటరు ఉంది. గిరాకీ తక్కువ, డేటా ఎక్కువ. ఇంట్లో ఇద్దరే, తనూ, తల్లి సైదమ్మా. తాత ఎల్లస్వామి ఆ రోజుల్లో పట్వారీ దగ్గర రాతకోతలు చూసినవాడు, ఉర్దూలో ముత్యాల్లాగా రాసేవాడని పేరు. ఆయన రాసిన కాగితాలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. దివాకర్ వాటిని ఒకసారి తెరిచి చూసి, "ఏందిది, కోడి గీకినట్టున్నది" అని మూసేశాడు.

మొన్న ఎండాకాలంలో అచ్చంపేటలో ఉండే అతని పెద్దమ్మ యాదలక్ష్మి పాత ఇల్లు కూలగొట్టించింది. అటకమీద చెల్లెలి సామాన్లు కొన్ని దొరికితే గోనెసంచిలో కట్టి బస్సులో పంపింది. దివాకర్ దాన్ని దుకాణంలోనే విప్పాడు. రెండు సొట్ట చెంబులు, ఒక ఇత్తడి గరిటె, ఒక పింగాణీ గిన్నె. తెల్లటి గిన్నె, చుట్టూ నీలం పువ్వులు. బోర్లిస్తే అడుగున నీలం రంగుతో ఏవో రెండు వంకర గీతలు, ఒకదాని కింద ఒకటి.

ఫొటో తీశాడు. ఫోను అర నిమిషం ఆలోచించింది. చైనా దేశం, చక్రవర్తి గారి సొంత బట్టీ, మూడు వందల ఏళ్లు అని తేల్చేసింది!

దివాకర్ ఊరికే నమ్మే రకం కాదు. యూట్యూబ్‌లో పదిహేను వీడియోలు చూసి శాస్త్రోక్తంగా పరీక్షలు పెట్టాడు. బండి తాళంచెవితో కొడితే గిన్నె ఖంగుమంది, అసలుదే! ఎండకు పట్టుకుంటే అవతలి వేళ్ల నీడ కనబడింది, అసలుదే! అడుగున నిలబడే అంచుకు నునుపు లేదు, గరుగ్గా ఉంది, అసలుదే! ఇక రాజముద్ర. పాత ముద్ర మెరుగు పూత కిందే ఉంటుందని, వేలితో తడిమితే తగలదని ఒక వీడియోలో పెద్దమనిషి చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే ప్రకటన వచ్చింది, దివాకర్ దాటించేశాడు. దాంతోపాటు ఆ మాటా పోయింది. వేలితో తడిమితే ముద్ర ఉబ్బెత్తుగా తగిలింది. చక్రవర్తి గట్టిగా నొక్కి రాశాడనుకున్నాడు.

గిన్నెను తువాలలో చుట్టి ఇంటికి తెచ్చి, బీరువాలో పట్టుచీరల మధ్య పెట్టి తాళం వేశాడు. సైదమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"ఏందిరా అది? గిన్నెనా? ఇటియ్యి, చింతపండు నానేస్త."

"ముట్టకమ్మా! మూడు వందల ఏండ్లది. పింగాణీ!"

"మూడు వందల ఏండ్లు పలగకుంట ఉన్నదంటే గట్టిదే. ఇటియ్యి" అన్నది సైదమ్మ. అంతలోనే మళ్లీ ఆమెకేదో గుర్తొచ్చి ముఖం మాడ్చుకుంది. "వద్దు పో. పింగాణీ ముచ్చట నా ముంగట తియ్యకు."

ఆ ముచ్చట ఏమిటో గల్లీలో అందరికీ తెలుసు. దివాకర్ పుట్టిన ఇరవై ఒకటో రోజు పండుగకు సైదమ్మ రెండు గల్లీల అవతలి అజ్మత్ బీ దగ్గర పన్నెండు పింగాణీ గిన్నెలు అడిగి తెచ్చింది. పండుగ అయ్యాక పదకొండే వచ్చాయని అజ్మత్ బీ అన్నది. పన్నెండూ పంపానని సైదమ్మ అన్నది. మాట మీద మాట పెరిగింది. సైదమ్మ ఒళ్లో ఉన్న పసివాడి తల మీద చెయ్యి పెట్టి, "నా కొడుకు మీద ఒట్టు, పన్నెండు పంపిన" అనేసింది. పసిబిడ్డ మీద ఒట్టు పెట్టాక ఇంకేం మాట్లాడతారు? అజ్మత్ బీ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అప్పటిదాకా ఒకరింట్లో కూర ఉడికితే రెండో ఇంట్లో రుచి చూసేవాళ్లు. ఇప్పుడు కిరాణం దుకాణంలో ఎదురుపడితే ఒకామె బెల్లం దిక్కు, ఇంకొకామె సబ్బుల దిక్కు చూస్తారు. ప్రతి రంజాన్‌కూ సైదమ్మ పొద్దున్నే వాకిట్లోకి వచ్చి గల్లీ చివరిదాకా ఒకసారి చూస్తుంది. ఎవరూ అడగకపోయినా, "నాకు షుగరు, సేమ్యా పాయసం వడదు" అని లోపలికి పోతుంది. ఆ బాధ ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె గుండెలో అలాగే ఉంది.

కొంచెం బుర్ర ఉన్నవాడైతే, పింగాణీ గిన్నె అనగానే తల్లి ముఖం ఎందుకు మాడిందని అడిగేవాడు. మన దివాకర్ నిపుణుడు. తల్లిని అడగడమేమిటి, నామోషీ కాదూ? గిన్నె అడుగు ఫొటోను 'మన జడ్చర్ల' వాట్సాప్ గ్రూపులో పెట్టి, "చైనా చక్రవర్తి రాజముద్ర, మన ఊళ్లో!" అని రాశాడు.

ఊరు ఊగిపోయింది! దుకాణం ముందు క్యూ కట్టారు. బీరన్న ఊరగాయ జాడీ తెచ్చాడు, తొక్కుతో సహా. ఫోను దాన్ని రెండు వందల ఏళ్లదంది, తొక్కు సంగతి చెప్పలేదు. వెంకటేశ్ పాత ఇంటి పింగాణీ ఫ్యూజు డబ్బా పట్టుకొచ్చాడు, అది రాణిగారి సుగంధాల పెట్టె అట. లైన్‌మన్ డేవిడ్ కరెంటు స్తంభం మీది పింగాణీ బుడ్డిని ఊడదీసుకొచ్చి మరీ వయసు అడిగాడు, ఆ పూట సగం ఊరికి కరెంటు లేదు. ఒక మేస్త్రీ కొత్త కమోడ్‌ను ఆటోలో తెస్తే ఫోను దాన్ని ఏకంగా సింహాసనం వర్గంలో చేర్చింది. ఇంత మర్యాద కమోడ్‌కు ఏ మనిషైనా ఇచ్చాడా? మూడో రోజుకు దివాకర్ బోర్డు మార్పించాడు: "ఇచ్చట పాత పింగాణీకి వయసు చెప్పబడును. ఆధార్ జిరాక్సు రెండు రూపాయలు."

ఆ ఫొటో తిరిగి తిరిగి అజ్మత్ బీ మనుమరాలు సబా ఫోనుకు చేరింది. సబా నవ్వుకుంటూ నానమ్మకు చూపించింది. అజ్మత్ బీ నవ్వలేదు. ఫోనును దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత వంటింట్లోకి పోయి ఒక గిన్నె తీసి కొంగులో పెట్టుకుని, సబా చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

దివాకర్ అప్పుడే ఇంట్లో గిన్నెను బయటికి తీసి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు. గుమ్మంలో ఆమెను చూసి బిత్తరపోయాడు. ఊహ తెలిశాక ఆమె ఈ గడప తొక్కగా అతను చూడలేదు.

"బేటా, గా గిన్నె బోర్లియ్యి జర" అని, తన గిన్నెను పక్కనే బోర్లించింది. అవే నీలం పువ్వులు. అడుగున అదే వంకర గీత, కింద గీతలో మాత్రం కొంచెం తేడా.

"చాచీ! అంటే మీ దగ్గర గూడ చక్రవర్తి..."

"చక్రవర్తి గాదు బేటా, మీ చాచా. మా ఇంటాయన చోటే మియా. తలుపులకేసినంక మిగిలిన రంగుతోని రాసిండు. పైన ఉన్నది ఉర్దూ ఐన్, నా పేరుల మొదటి హర్ఫ్, అక్షరం. కింద నంబరు. గిది అయిదు, నీది ఏడు. పండుగకు పోయిన గిన్నెలు కలవకుండ గుర్తువెట్టుకున్నం." ఆమె గోటితో గీకింది. రాజముద్ర పెచ్చు లేచి గోట్లోకి వచ్చింది. "వయసు గూడ జెప్పాల్నా? గా ముద్ర నీ ఇరవై ఒకటో దినం పండుగ ముందటి నాడు రాసిండు. నీకెన్నేండ్లో దానికి గన్నేండ్లు."

దివాకర్ పెద్దమ్మకు ఫోను కొట్టి స్పీకరు పెట్టాడు.

"గా గిన్నెనా?" అన్నది యాదలక్ష్మి. "నీ పండుగ నాడు మిగిలిన పాయసం అండ్లనే పోసుకొచ్చిన్రా. మీ అమ్మదే అనుకున్న. తర్వాత యాది మరిచిన."

సైదమ్మ ఎప్పుడు వచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. గిన్నెను చేతిలోకి తీసుకుని అడుగంతా వేళ్లతో తడిమింది.

"ఆపా... ఒట్టువెట్టిన. గీ పోరని తల మీద చెయ్యివెట్టి అబద్ధపు ఒట్టు వెట్టిన."

అజ్మత్ బీ దివాకర్‌ను ఎగాదిగా చూసింది. టేబుల్ మీద, రెండోసారి వయసు కోసం ఇంటిదాకా వచ్చిన బీరన్న ఊరగాయ జాడీని చూసింది.

"ఫికర్ చెయ్యకు సైదమ్మా. ఒట్టు వాని తలకు జర తగిలినట్టే ఉన్నది, గని పాణం మంచిగనే ఉన్నది."

సైదమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. సబా కళ్లు తుడుచుకుంది. దివాకర్ ఏం చెయ్యాలో తోచక గిన్నెను మళ్లీ తుడిచాడు.

ఆఖరికి అజ్మత్ బీ ముక్కు చీదుకుని చెయ్యి చాచింది. "ఇయ్యి, పోత."

సైదమ్మ గిన్నెను వెనక్కి దాచుకుంది. "ఖాళీ గిన్నె వాపసిస్తరా ఎక్కడన్న? కూసో."

వంటింట్లోకి పోయి పాయసం చేసింది. నంబరు ఏడు అంచుదాకా నింపి తెచ్చింది.

"నాకు షుగరు" అన్నది అజ్మత్ బీ.

"నాకు గూడ" అన్నది సైదమ్మ. రెండు చెంచాలు తెచ్చింది. ఇంటికి తీసుకుపోవడానికి గిన్నెలో ఏమీ మిగల్లేదు, మళ్లీ పొయ్యి వెలిగించాల్సి వచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఫోను వరం కాదా? ఎల్లస్వామి మనుమడికి రెండు గల్లీల అవతలి అక్షరాన్ని చైనా అక్షరంగా చూపించిన ఘనత దానిది కాదా? మామూలు దారిన పోతే, ఆ రెండు గల్లీలు దాటడానికి ఈ ఇద్దరికీ ముప్పై ఎనిమిదేళ్లు చాలలేదు. చైనా మీదుగా పోతే మూడు రోజుల్లో దాటారు. ఆ ఫోనే లేకపోతే వీళ్ల గతి ఏమయ్యేది? ఒకరింటికి ఒకరు నడిచిపోయి, తలుపు తట్టి, నోరు తెరిచి మాట్లాడుకోవాల్సి వచ్చేది!