కుర్చీ మీది తువ్వాల

ఎవరి కంటా పడకుండా ఒక భవనంలో తిరిగి రావడం లోకమంతటా గొప్ప విద్య. నాందేడ్‌లోని నీళ్ల నల్లా మంజూరీ కచేరీలో మాత్రం అది అర్జీ పెట్టుకున్న ప్రతి పౌరుడికీ ఉచితంగా దొరికే సౌకర్యం.

ఈ సంగతి కైలాశ్‌కు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అతనికి ఒక పాత కంప్యూటర్ ఆటంటే ప్రాణం. అందులో మనం దొంగ. కాపలావాళ్లకు కనబడకుండా చీకటి చాటున నక్కుతూ పోయి సొత్తు తెచ్చుకోవాలి. కంపెనీ ఆ ఆటను ఎప్పుడో గాలికొదిలేసింది. ఇప్పుడు అభిమానులే కొత్త కోటలూ సొరంగాలూ కట్టి ఒకరికొకరు ఆడిస్తుంటారు. వాటిని మిషన్లంటారు. (జీతం లేదు. అందుకే పని జరుగుతుంది.)

కైలాశ్ కట్టిన మిషన్ పేరు 'నల్లా'. వాళ్లమ్మ శివవ్వ ఇంటికి నల్లా కావాలని అర్జీ పెట్టింది. దాని మీద సాహెబు ముద్ర పడాలి. పడేదాకా పక్క గల్లీ నుంచి బిందెలు మోయాలి, పాపం ఆమె నడుం ఎప్పుడో పోయింది. కచేరీ చుట్టూ తిరిగి తిరిగి ప్రతి మూలా కంఠతా వచ్చేసిన కొడుకు, ఉన్నదున్నట్టు దాన్నే ఆటలో కట్టేశాడు. అందులో రెండో అంతస్తుకు వెళ్లాలంటే మూడో అంతస్తు ఎక్కి దిగాలి. 'విచారణ' బాణం మూత్రశాలను చూపిస్తుంది, 'మూత్రశాల' బాణం విచారణను చూపిస్తుంది. చిట్టచివర సాహెబు గది, గదిలో కుర్చీ, కుర్చీ మీద తువ్వాల. తువ్వాల ఉందంటే సాహెబు ఉన్నట్టే లెక్క. (నిరుడు తువ్వాలకు ప్రమోషన్ కూడా వచ్చింది.) దాన్ని ముట్టుకుంటే గంటలు మోగేలా పెట్టాడు కైలాశ్. ముట్టుకునే మనిషి ఉంటాడని మాత్రం అతను అనుకోలేదు.

దేశదేశాల ఆటగాళ్లు మొత్తుకున్నారు. దారి తెలియకపోవడాన్ని వాళ్లు మెచ్చుకున్నారు గానీ, పట్టపగటి వెలుతురులో కాపలావాడి ముక్కు ముందు నిలబడ్డా చూడకపోవడం ఘోరమైన లోపమన్నారు. ఫిన్లాండ్ ఆయనొకడు గుమాస్తా బల్లెక్కి గెంతితే, గుమాస్తా చాయ్ పక్కకు జరుపుకున్నాడట. అది లోపం కాదనీ, స్వయంగా చూసి కట్టాననీ కైలాశ్ వినయంగా రాశాడు. అయినా వాళ్ల మాట కాదనలేక నిబంధన మార్చాడు. ఇకమీదట ఎవరైనా ఉద్యోగి చూస్తేనే ఆటగాడు గెలిచినట్టు. ఆనాటి నుంచి ఒక్కడూ గెలవలేదు.

ఈ కీర్తి కచేరీకి పాకింది. సాహెబు కిషన్‌రావు కబురంపాడు. నల్లా వచ్చేసిందనుకుని కైలాశ్ పేడా మిఠాయి డబ్బాతో పరుగెత్తాడు. ఆ రోజు తువ్వాలతో పాటు సాహెబు కూడా ఉన్నాడు. ఆటలో తన గదికి తనకే దారి దొరకలేదని ఆయన తెగ మురిసిపోయాడు. ఇకపై మిషన్ గెలిచినవాళ్లే కచేరీ గడప తొక్కాలని ఉత్తర్వు జారీ చేసి, పేడాలు పుచ్చుకున్నాడు. మరి మా అర్జీ అని కైలాశ్ నసిగితే, "ఉద్యా యా" అన్నాడు. రేపు రమ్మని. (మరాఠీలో అయితే మర్యాదగా ఉంటుంది.)

ఇంట్లో కైలాశ్ తన ఆట తానే ఆడుతూ, సాహెబు గది దాకా వెళ్లి కూడా తువ్వాల జోలికి పోకుండా ఓడుతుంటే, శివవ్వ వెనక నిలబడి చూసింది.

"ఏంది రా, గా తువ్వాలకు గంతగనం భయపడ్తవ్? గుంజి పారెయ్యి."

అంటూనే మౌస్ లాక్కుని తానే గుంజింది. గంటలు మోగాయి. గుమాస్తాలూ ప్యూన్లూ ఎక్కడెక్కడి నుంచో ఉరికొచ్చి కళ్లప్పగించి చూశారు. శివవ్వ గెలిచింది.

మర్నాడు గెలిచిన హక్కుతో ఆమె ఒక్కతే కచేరీకి పోయింది. సాహెబు లేడు. తువ్వాల గుంజి భుజాన వేసుకుంది, నడుం నొస్తుంటే కుర్చీలో కూలబడింది. సిబ్బంది ఉరికొచ్చారు. కుర్చీలో మనిషి, భుజాన తువ్వాల. ఇంకేం కావాలి? నమస్కారాలు పెట్టి, చాయ్ తెచ్చి, ముద్ర చేతికిచ్చారు. ఉత్తర్వు సంగతి అందరూ మరిచారు, జనం వరుస కట్టారు.

సంగతి తెలిసి కైలాశ్ గుండెలు బాదుకుంటూ వచ్చాడు. వరుసలో నిలబడి, తన వంతు రాగానే అర్జీ బల్ల మీద పెట్టాడు.

"అవ్వా, ముద్ర నీ చేతులనే ఉన్నది. మనదానికి ఒక్కటి కొట్టు."

శివవ్వ తువ్వాల సర్దుకుంది.

"అర్జీ ఎవలు పెట్టిన్రో ఆళ్లే రావాలె. ఉద్యా యా."

కైలాశ్ ఆమె కళ్ల ముందు చెయ్యి ఊపాడు. శివవ్వ చాయ్ పక్కకు జరుపుకుంది.