తొలిదశకు ఎనభై ఎనిమిది మెట్లు

మానవజాతి సాధించిన ఘనవిజయాల్లో మొదటిది, నొప్పి పుట్టకముందే దాని జాడ కనిపెట్టే యంత్రాన్ని తయారుచేయడం. రెండవది, ఆ యంత్రాన్ని లిఫ్టున్న భవనంలో నాలుగో అంతస్తున ప్రతిష్ఠించి, మోకాళ్లు బాగున్నవారు లిఫ్టు ఎక్కరాదని నిబంధన రాయడం.

యంత్రాన్ని నేను తప్పుపట్టను. మోకాలిని పూర్తిగా మడిచి, చల్లటి జెల్లు పూసి, పైన పరికరం ఆనిస్తే, మనకు వినపడని శబ్దం లోపలికి వెళ్లి, తిరిగొచ్చి బొమ్మ గీస్తుంది. ఎముక చివర నున్నగా అంటుకుని ఉండే మృదులాస్థి అందులో నల్లటి పట్టీలా కనిపిస్తుంది. పట్టీ అంచు గీత గీసినట్టుంటే క్షేమం. మసకబారితే అరుగుదల మొదలైనట్టు. అప్పటికి మనిషికి ఇంకా ఏమీ తెలియదు. (తెలియజేయడానికే కార్యాలయం ఉంది.)

మా చెల్లెలు ముప్ఫై ఏళ్లుగా కాలితో తొక్కే కుట్టుమిషను మీద బతుకుతోంది. మోకాలు పోతే మిషను మూలన పడుతుంది. మిషను మూలన పడితే ఆమెకు మరో ఆధారం లేదు. ఆ భయంతోనే, ఏ నొప్పీ లేకపోయినా, నన్ను తోడు తీసుకుని తొలిదశ నిర్ధారణ విభాగానికి బయలుదేరింది.

లిఫ్టు మనిషి స్టూలు మీంచి లేవలేదు.

"అరుగుదల కార్డుందా అమ్మా?"

"అరిగిందో లేదో చూపించుకోడానికేగా నాయనా వచ్చింది!"

"అయితే మెట్లు అటు. కార్డున్నవాళ్లకే లిఫ్టు."

"కార్డెవరిస్తారు?"

"నాలుగో అంతస్తులో."

చెల్లెలు పకపకా నవ్వింది. "పద అక్కా. ఊరికే కొండెక్కిస్తామంటుంటే కాదంటామా!"

ఎనభై ఎనిమిది మెట్లు, నేను లెక్కపెట్టాను. పైన ఎత్తు కొలిచి, ఆ కొలత మీద సంతకానికి రెండో అంతస్తుకు పంపారు. సంతకంతో మళ్లీ నాలుగో అంతస్తు. వెరసి ఒక్క రాకకు నూట ముప్ఫై రెండు మెట్లు ఎక్కడం, అన్నే దిగడం.

నల్లటి పట్టీ అంచు కత్తితో కోసినట్టుంది. "భలే ఉన్నాయమ్మా! పెళ్లికూతురి మోకాళ్లు!" అంది స్కానింగ్ చేసే ఆవిడ. విభాగ పర్యవేక్షకుడు మాత్రం తొణకలేదు. లేనిదాన్ని లేదని ఒక్క చూపుతో తేల్చడం శాస్త్రసమ్మతం కాదట. పదిహేను రోజులకోసారి, ఇరవై నాలుగుసార్లు చూడాలట. ఒక్కసారి మానినా లెక్క మొదటికొస్తుంది. (విభాగం తెరిచి మూడేళ్లయినా ఆయనకు ఒక్క తొలిదశా దొరకలేదు. వచ్చినవారంతా అయితే మరీ ఆరోగ్యంగా, లేదంటే మరీ ఆలస్యంగా వచ్చారు. ఆయన దిగులు అర్థం చేసుకోదగినది.)

చెల్లెలు ఒక్కసారీ మానలేదు.

"ఏం సార్, ఇంకా అరగలేదా?" అని అడిగేది.

"ఓపిక పట్టండి మేడమ్. మీ ప్రయత్నం మీరు చేస్తున్నారుగా" అనేవాడాయన.

పద్నాలుగోసారికి ఆమె రెయిలింగు పట్టుకుంది. పంతొమ్మిదోసారికి నన్ను పట్టుకుంది.

"ముప్ఫై ఏళ్లు మిషను తొక్కినా ఒళ్లింత హూనం కాలేదక్కా."

"అయితే మానెయ్యవే!"

"ఇంకా ఐదేగా! ఇప్పుడు మానితే ఎక్కినవన్నీ దండగ."

ఇరవై మూడోసారి పట్టీ అంచు మసకబారింది. స్కానింగ్ ఆవిడ కేక పెట్టింది. పర్యవేక్షకుడు చెప్పులు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. రెండో అంతస్తు సంతకం కూడా స్వయంగా పైకొచ్చింది. బొమ్మ పక్కన చెల్లెల్ని నిలబెట్టి ఫొటో తీశారు.

"మేడమ్, మా మొట్టమొదటి తొలిదశ మీరే!" అన్నాడు పర్యవేక్షకుడు, కళ్లు తుడుచుకుంటూ.

"మూడువేల ముప్ఫై ఆరు మెట్లు ఎక్కిందని రిపోర్టులో రాస్తారా?" అని అడిగాను.

"మెట్లు మా పరిధిలోకి రావు పెద్దమ్మగారూ. అది భవనాల విభాగం."

సలహా కాగితంలో మొదటి వాక్యం, మెట్లు ఎక్కరాదు. రెండవది, కాలి మిషను తొక్కరాదు. కోరిన తొలిదశ దొరికినందున ఫైలు ముగించి, చెల్లెలికి కార్డిచ్చారు. దాని మీద ముద్ర కింది అంతస్తులో వేస్తారు గనుక మెట్ల మీదే దిగాం.

ముద్ర చూడగానే లిఫ్టు మనిషి తొలిసారి స్టూలు మీంచి లేచాడు, తలుపు తెరిచాడు.

"రండమ్మా రండి. ఎన్నో అంతస్తు?"

చెల్లెలు కాసేపు ఆలోచించింది. పైన ఫైలు మూసేశారు. ఇంట్లో మిషను మూసెయ్యమన్నారు.

"ఊరికే ఒకసారి పైకీ కిందికీ తిప్పవయ్యా" అంది.

"పని లేనివాళ్లు ఎక్కకూడదమ్మా" అని అతను తలుపు మూశాడు.