వద్దు సారు మొహమాటం

ఆ ఆదివారం వద్దు సారు పెద్ద పనులేవీ పెట్టుకోలేదు. కాఫీ తాగాలి, పేపరు చదవాలి, క్షవరం చేయించుకోవాలి, భోంచేసి పడుకోవాలి. కాఫీ దాకా అంతా సవ్యంగానే జరిగింది. పేపరు మడత విప్పుతుండగా భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆవిడ ఊరికే కూర్చునే మనిషి కాదు.

వద్దు సారు అన్న పేరు అతనికి ఉద్యోగం వల్ల వచ్చింది. ఊళ్ళో ఏ భవనంలో లిఫ్టు బిగించినా ముందు అతను చూసి సరేనంటేనే మనుషులు ఎక్కాలి. అతను సరేనన్న సందర్భాలు బహు తక్కువ. తలుపు కాస్త ఓరగా మూసుకున్నా, ఆగాల్సిన చోటికి బెత్తెడు పైన ఆగినా, "వద్దు" అని ఒక్క మాట అనేసి, సీలు వేసి, ఇచ్చిన టీ కూడా ముట్టకుండా వెళ్ళిపోతాడు. ఎదుటివాళ్ళు బతిమాలినా, పెద్దవాళ్ళ చేత ఫోన్లు చేయించినా ఆ మాట మారదు. అలాంటి మనిషికి ఇంట్లో ఎవరికైనా వద్దని చెప్పాల్సి వస్తే నాలుక మడత పడిపోతుంది. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

"నాన్న ఏదో తయారు చేస్తున్నారట" అంది భార్య. "అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి డాబా మీదకి లాగుతారట."

"దేంతో?"

"మోటారుతో. మన పాత వాషింగ్ మెషీన్‌ది. మీరే ఇచ్చారుగా."

"పాడైందనేగా ఇచ్చాను."

"ఆయన బాగు చేసుకున్నారు."

వద్దు సారు పేపరు పక్కన పడేసి లేచాడు. "వెళ్ళి వద్దని చెప్పొస్తాను. అటునించటే క్షవరానికి పోతాను."

"అలా మొహం మీద చెప్తే ఇంకేమైనా ఉందా" అంది ఆవిడ. "ఆయన చేసిన స్టూలు ఊగుతోందని తమ్ముడు అన్నాడని, నెలంతా ఆ స్టూలు మీదే కూర్చుని అన్నం తిన్నారు. ముందు మెచ్చుకోండి. తర్వాత మెల్లిగా ఒక ప్రశ్న వేయండి. లోపం ఆయనకే తట్టాలి, మీరు చెప్పినట్టు ఉండకూడదు."

మామగారు టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆ రోజు నుంచి ఆయన చేతిలో స్క్రూడ్రైవరు లేకుండా చూసినవాళ్ళు లేరు. ఆయన చేసినవాటిలో పనిచేసేవి ఉన్నాయి, చేయనివి ఉన్నాయి. ఇంతవరకూ మనిషిని గాల్లోకి లేపేవి మాత్రం లేవు. అత్తగారికి మోకాళ్ళు పట్టేసి మెట్లెక్కడం మానేశారు. డాబా మీద ఆవిడ పెంచిన పూల కుండీలు వరుసగా ఉన్నాయి. సాయంత్రం పూట ఆవిడ పెరట్లో నిలబడి తల పైకెత్తి చూడటం చూసి, మామగారికి ఈ ఆలోచన పుట్టింది.

వద్దు సారు మామగారి పెరట్లోకి అడుగు పెట్టగానే అంతా ఒక్క చూపులో చూసేశాడు. చక్రాలు తీసేసిన ఆఫీసు కుర్చీ. దానికి పాత సూట్‌కేసు బెల్టు. బట్టలారేసుకునే నైలాన్ తాడు. పైన పిట్టగోడలోంచి బయటికొచ్చిన ఒక ఇనప పైపు, దానికి గిలక. ఆ పైపు బట్టల తీగ కట్టుకోవడానికి ఎప్పుడో గుచ్చింది. ఆఫీసులో అయితే ఈపాటికి సీలు వేసి రోడ్డు మీద ఉండేవాడు.

"ఎలా ఉంది అల్లుడుగారూ?" అని అడిగారు మామగారు, నూనె చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

"ఆలోచన బాగుంది మామయ్యగారూ" అన్నాడు వద్దు సారు. మెచ్చుకోలు అయిపోయింది. ఇక ప్రశ్న. "మధ్యలో కరెంటు పోతే కుర్చీ ఏమవుతుందంటారు?"

"ఆగిపోతుంది."

"ఆగి?"

మామగారు ఆలోచించారు. "ఆగి అక్కడే ఉంటుంది" అన్నారు. ఆ తర్వాత ఆయనే అన్నారు, "తాడు సరిపోదనా మీ ఉద్దేశం?"

అది అతని ఉద్దేశాల్లో ఒకటి. లోపం ఆయనకే తట్టింది కదా అని వద్దు సారు సంతోషంగా తల ఊపాడు. ఈ తల ఊపడంతోనే కొంప మునిగింది.

మర్నాటికల్లా మామగారు ఇనప తీగలు పేనిన తాడు కొనుక్కొచ్చారు. అల్లుడు చెప్పాడని తెచ్చిన తాడును అల్లుడే వద్దనడం ఎలా? వద్దు సారు దాన్ని కూడా మెచ్చుకుని, కుర్చీ గాల్లో ఊగుతుందేమోనని సందేహం వెలిబుచ్చాడు. అటూ ఇటూ రెండు కడ్డీలు నిలబడ్డాయి. వేసిన ప్రతి ప్రశ్నకూ మామగారు ఒక సామాను కొనేవారు. కొన్న ప్రతి సామానుకూ ఇతను ఒకసారి మెచ్చుకోవాల్సి వచ్చేది. ఆ పైపు సంగతి ఎత్తేలోపు మెచ్చుకోవాల్సింది ఇంకోటి తయారుగా ఉండేది.

"ఇంకా చెప్పలేదా?" అని భార్య రోజూ అడిగేది.

"చెప్పాను. కడ్డీలు బిగించారు."

"మీరు చెప్పే పద్ధతేమిటో నాకు అర్థం కావడం లేదు."

"నీ పద్ధతే" అన్నాడు వద్దు సారు. ఆ పూట కంచంలోకి అడుగంటిన కూర వచ్చింది.

చివరికి అతనికి ఒక ఉపాయం తోచింది. అత్తయ్యగారంత బరువున్న ఇసుక బస్తా కుర్చీలో కూర్చోబెట్టి లాగుదామన్నాడు. బస్తా ఎలాగూ కింద పడుతుంది, తను నోరు మెదపకుండానే పని అయిపోతుంది. బస్తాకు బెల్టు బిగించారు. మామగారు స్విచ్చి నొక్కారు. ఆ దిక్కుమాలిన బస్తా దొరబాబులా డాబా దాకా వెళ్ళి, అక్కడ కాసేపు విశ్రమించి, హాయిగా కిందికి దిగింది. మామగారు అల్లుడి చెయ్యి పట్టుకుని ఊపారు. పట్టుకున్న చెయ్యి ఎంతకీ వదల్లేదు. సంతోషం వల్ల అనుకున్నాడు వద్దు సారు.

అప్పుడే పైనుంచి కాస్త సున్నం రాలి అతని భుజం మీద పడింది. తలెత్తి చూస్తే పైపు మొదట్లో, పిట్టగోడ మీద, వెంట్రుకంత చీలిక.

"మామయ్యగారూ, ఆ పైపు దగ్గర కొంచెం సున్నం రాలినట్టుంది" అన్నాడు, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని.

"మీ కళ్ళు కళ్ళు కావు" అన్నారు మామగారు. మర్నాడు వెళ్ళేసరికి పైపుకూ పిట్టగోడకూ పచ్చ రంగు వేయించి ఉంది. చీలిక ఎక్కడుందో ఇప్పుడు అతనికి కూడా కనపడలేదు.

వద్దు సారు సరేనన్నాడట అన్న వార్త వీధి దాటి ఊరంతా పాకింది. అతను జన్మలో దేన్నీ ఒప్పుకోడని అందరికీ తెలుసు కాబట్టి, ఒప్పుకున్నాడంటే ఆ యంత్రం సామాన్యమైంది కాదన్నారు. నడుం నొప్పితో బాధపడే పక్కింటి హెడ్మిస్ట్రెస్ గారు, అత్తగారి తర్వాత తన పేరు రాసుకోమన్నారు. ఆఫీసులో పైఅధికారి పిలిపించారు.

"ఏమయ్యా, దేనికో ఔనన్నావట. నేను చూడాలి" అన్నారు. తర్వాత అతన్ని ఎగాదిగా చూసి, "జుట్టేమిటి, పెంచుతున్నావా?" అని అడిగారు. ఆదివారాలన్నీ మామగారి పెరట్లోనే గడుస్తుంటే క్షవరానికి తీరిక ఎక్కడిదని వద్దు సారుకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాతి ఆదివారం ఉదయం పెరట్లో కుర్చీలు వేశారు. పైఅధికారి ముందు వరసలో కూర్చున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు తన వంతు కోసం చెప్పులు విడిచి సిద్ధంగా ఉన్నారు. భార్య మొగుడి పక్కకొచ్చి, "ఇప్పటికైనా చెప్పండి, నొప్పించకుండా" అని గొణిగింది. ఈ నొప్పించకుండా అన్న మాట కనిపెట్టినవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టాలనిపించింది అతనికి.

అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మామగారు వంగి బెల్టు పెడుతుంటే మొదటిసారి కొక్కెం పట్టలేదు, రెండోసారీ పట్టలేదు. ఆవిడే పెట్టుకున్నారు. పెట్టుకుని అల్లుడి వైపు తిరిగారు.

"బాబూ, వెళ్ళమంటారా?"

వద్దు సారు నోరు తెరిచాడు. భార్య చూస్తోంది, పైఅధికారి చూస్తున్నారు, మామగారైతే కళ్ళార్పకుండా చూస్తున్నారు. "గట్టిగా పట్టుకోండి అత్తయ్యగారూ" అన్న మాట బయటికొచ్చింది. తన నోట్లోంచి వచ్చిన ఆ మాట విని అతనికే అసహ్యం వేసింది.

మోటారు గుర్రుమంది. కుర్చీ నేల విడిచి జానెడు లేచింది. పైనుంచి పచ్చ రంగు పెచ్చు ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి అత్తగారి ఒళ్ళో పడింది.

"వద్దు" అన్నాడు వద్దు సారు.

అది ఆఫీసు గొంతు. మామగారి చెయ్యి స్విచ్చి మీద నుంచి దానంతటదే లేచిపోయింది. కుర్చీ ధబ్బున కింద పడింది, జానెడే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. వద్దు సారు ఆగలేదు. పైపు వద్దు, గిలక వద్దు, మోటారు వద్దు, ఆపే సాధనం లేదు, పడితే పట్టేది లేదు, ఇది చంపే యంత్రం, అని అన్నాళ్ళ నుంచి దాచుకున్నదంతా వరసపెట్టి అనేశాడు. అనేశాక మామగారి మొహం చూసే ధైర్యం లేక తల దించుకున్నాడు.

మామగారు వెళ్ళి మెట్ల మీద కూలబడ్డారు. "అమ్మయ్య" అన్నారు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"ఈ ముక్క మొదటి రోజే అని ఉంటే మీ సొమ్మేం పోయింది బాబూ?" అన్నారాయన. "ఆగి అక్కడే ఉంటుందని నా నోటితో నేనే అన్నానా, ఆ రాత్రి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆపేద్దామనే అనుకున్నాను. మీరేమో లిఫ్టుల ఆఫీసరు. వచ్చిన ప్రతిసారీ మెచ్చుకుంటారు, అది మార్చండి, ఇది పెట్టండి అంటారు. అల్లుడు అంత ముచ్చట పడుతుంటే నాకు భయంగా ఉందని ఎలా చెప్పను?"

"మరి నువ్వెందుకు ఎక్కావమ్మా?" అంది భార్య, ఏడుపు గొంతుతో.

"వీళ్ళిద్దర్లో ఎవరో ఒకరు వద్దనకపోతారా అని" అన్నారు అత్తగారు, బెల్టు విప్పుకుంటూ. "నేనంటే మీ నాన్న చిన్నబుచ్చుకుంటారు. అయినా నేను డాబా ఎక్కాలని ఎప్పుడన్నాను? కుండీలు కిందికి దించితే చాలదా? అడిగితే కదా చెప్పడానికి."

పైఅధికారి గొంతు సవరించుకుని, ఇంత శ్రమ పడ్డారు కదా, ఆ కుండీలైనా దీంట్లో దించవచ్చేమో అన్నారు. అందరూ గోడ వారకు పోవాలి, కింద ఒక్కరు కూడా ఉండకూడదు అన్న షరతు మీద వద్దు సారు ఒప్పుకున్నాడు. కుర్చీని ఖాళీగా పైకి పంపించారు. అతనే మెట్లెక్కి వెళ్ళి, అన్నిటికంటే పెద్దదైన మందార కుండీని కుర్చీలో పెట్టి బెల్టు బిగించాడు.

సగం దూరం దిగిందో లేదో, పైపు రెండు ఇటుకలతో సహా పిట్టగోడలోంచి ఊడివచ్చింది. కుర్చీ, కుండీ, గిలక, ఇటుకలు కలిసికట్టుగా నేల మీద పడ్డాయి. దుమ్ము సద్దుమణిగాక చూస్తే, అత్తగారు ఇందాక కూర్చున్న చోట ఒక ఇటుక ఉంది. మామగారు ఆ ఇటుక వైపే చూస్తూ నిలబడిపోయారు. అత్తగారు ఆయన మొహం చూశారు, మెల్లిగా నడిచివెళ్ళి ఆయన పక్కన నిలబడ్డారు.

"ఆ మందారానికి ఎలాగూ కుండీ మార్చాలి లెండి" అన్నారు. "ఇరుకైపోయింది పాపం."

మామగారు ఆవిడ వైపు తిరిగారు. "ఇంకా పెద్దది కావాలంటావా?" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. జేబులోంచి టేపు తీసి మందారం వేళ్ళు కొలిచారు. "అయితే నేనే పోత పోస్తాను, సిమెంటుతో. కింద చక్రాలు పెడితే ఎండ ఎటుంటే అటు తోసుకోవచ్చు. ఎలా ఉందంటారు అల్లుడుగారూ?"

భార్య మొగుడి వైపు చూసింది.

"ఆలోచన బాగుంది మామయ్యగారూ" అని వద్దు సారు క్షవరానికి వెళ్ళిపోయాడు.