పురుగుల సంరక్షణార్థం తేనె

పిల్లల కడుపులో పురుగులు ఉండటం దురదృష్టమని మీరింకా నమ్ముతున్నారా? మా గొజ్జాం కొండల్లోని ఈ పల్లెకు ఒకసారి రండి! ఆ పురుగులే లేకపోతే మాకు రోడ్డు పడేదా? తెల్ల జీపు వచ్చేదా? మా తేనె మీద విశ్వవిద్యాలయానికి ఇంత ప్రేమ పుట్టేదా?

కార్యకారణాలను వరసగా చూద్దాం. బడిలో చేతిపంపు చెడిపోయింది. కనుక పిల్లలు పశువులు దిగే వాగు నీళ్ళు తాగారు. కనుక పురుగులు వచ్చాయి. పురుగులు వచ్చాయి కనుక, తేనె వాటిని చంపుతుందో లేదో పరీక్షించడానికి విశ్వవిద్యాలయం నుంచి డాక్టర్ గిజాచెవ్ వచ్చారు. గాజుపళ్ళెంలో చంపిందట, ఇక పిల్లల్లో చూడాలి. ఇంతటి విజ్ఞానానికి పునాది అయిన పంపును బాగుచేయమని అడగడం ద్రోహం కాదా?

ఆ ద్రోహానికి ఒడిగట్టిన వ్యక్తి ప్రధానోపాధ్యాయురాలు వొయిజెరో, అంటే శ్రీమతి, యిర్గెడు. ఆమె దిగులంతా బెలైనెష్ అనే పిల్ల గురించి. ఒకప్పుడు లెక్క చెప్పడం పూర్తికాకముందే జవాబిచ్చే ఆ పిల్ల, ఇప్పుడు బల్లమీద తల వాల్చి నిద్రపోతోంది.

"డాక్టరు బాబూ, ఇది నిలబడితే తూలి పడుతోంది. దీనికి మాత్రలివ్వండి. ఆ పంపుకో వాషరు వేయించండి."

"ఎంత మాటమ్మా! పురుగులు పోతే తేనెను దేనిమీద పరీక్షించను? పరీక్ష అయ్యాక అన్నీ ఇస్తాంగా!"

తర్కంలో లోపం ఎక్కడైనా ఉందా?

సగంమంది పిల్లల ఇంజెరా రొట్టె ముక్కలకు తేనె, మిగతా సగానికి పంచదార పాకం. ఎవరిది ఏదో వారికి తెలియకూడదు. తేనెపట్ల మధ్య పుట్టిన పిల్లలకు ఆ తేడా నాలుకమీద తెలియదని నమ్మడానికి ఎంత చదువు కావాలి!

బెలైనెష్‌కు పాకం వచ్చింది. పక్కపిల్ల ఊరుకుంటుందా?

"నోరు తెరువే! నేను పెడితే తినవా?"

ఎదుటివాళ్ళ నోట్లో ముద్ద పెట్టకుండా తాను తినడం మా దేశంలో తినడం కిందికే రాదు. బడి గంట కొట్టేసరికి ప్రతి పొట్టలోనూ తేనె ఉంది, పాకమూ ఉంది.

డాక్టరుగారు తల పట్టుకున్నారు. "వీళ్ళకు ఎవరి తిండి వాళ్ళు తినడం చేతకాదా?"

"చేతకాదు బాబూ," అంది యిర్గెడు. "మీ అమ్మగారు మీకు నేర్పారా?"

పరీక్ష రద్దయింది. వానలు వెళ్ళాక మళ్ళీ మొదటినుంచీ! అంటే అంతవరకూ పంపు లేదు, మాత్రలు లేవు. ఆ మధ్యాహ్నమే బెలైనెష్ వాగు ఒడ్డున కళ్ళు తిరిగి పడిపోయింది. మోసుకొచ్చి బడి అరుగుమీద పడుకోబెట్టారు.

యిర్గెడు కోప్పడలేదు. వెళ్ళిపోతున్న అతిథికి మర్యాదగా ఒక గ్లాసు తేనెనీళ్ళు కలిపి తెచ్చింది.

"తాగండి బాబూ. నా చావుమీద ఒట్టు!"

ఆ ఒట్టు పెట్టాక తాగకుండా గ్లాసు దించడమంటే ఆమె చావు కోరుకోవడమే. డాక్టరుగారు ఈ కొండల్లోనే పుట్టిన మనిషి. గ్లాసును పెదవులదాకా తెచ్చి ఆగారు.

"నీళ్ళు ఎక్కడివమ్మా?"

"వాగువే. కాచలేదు. కాస్తే మీ పరీక్ష చెడిపోతుంది కదా! భయమెందుకు? తేనె దండిగా వేశాను."

అరుగుమీది పిల్లతో సహా బడి అంతా ఆయననే చూస్తోంది. శాస్త్రజ్ఞుడి నుదుట చెమట పట్టింది.

"డ్రైవర్! జీపులో మన కోసం పెట్టుకున్న మాత్రల డబ్బా ఇలా పట్రా, పిల్లలకిద్దాం!"

డబ్బా అంతకాలమూ జీపులోనే ఉందన్నమాట!

"మరి పంపో?" అంది యిర్గెడు.

"వాషరు పంపిస్తానమ్మా, నా చావుమీద ఒట్టు!"

"అయితే దించండి బాబూ. నేను చావనులే."

మాత్రలు అప్పుడే పంచారు. జీపు సంతరోజున వాషరుతో తిరిగొచ్చింది. బెలైనెష్ ఇప్పుడు లెక్క వినకముందే జవాబు చెబుతోంది. అందులో సగం తప్పులే అయినా, యిర్గెడు దిద్దదు.

కనుక పాఠకులారా, తేనె మహిమను శంకించకండి! దాన్ని రోగి తాగనక్కరలేదు. తగిన మనిషి చేతిలో పెడితే చాలు.

ఆ గ్లాసును యిర్గెడు బడి అలమరలో భద్రంగా దాచింది. పంపు మళ్ళీ చెడిపోదా ఏం?