సహజ రబ్బరు తీర్మానం

మండవల్లి దగ్గర ఒక లంక గ్రామంలోని చేపల రైతుల సంఘం మొన్న జూన్‌లో ఒక తీర్మానం చేసింది. చెరువు గట్ల మీది జనరేటర్లకు బిగించే డీజిల్ పైపులూ, వాషర్లూ ఇకపై స్వచ్ఛమైన సహజ రబ్బరుతో చేసినవే అయి ఉండాలి. ప్రతిపాదించినవారు సంఘం అధ్యక్షులు ప్రసాదరావు గారు. బలపరిచినవారూ ఆయనే. మిగతా సభ్యులు అప్పటికి టిఫిన్ల దగ్గర ఉన్నారు.

సరుకు కోసం అధ్యక్షులు స్వయంగా ఏలూరు పవర్‌పేటలోని రసూల్ దుకాణానికి వేంచేశారు. రసూల్ ఇరవై రెండేళ్లుగా రబ్బరు సామాను అమ్ముతున్నాడు. ముక్కను బొటనవేలితో నొక్కి, ఒకసారి వాసన చూసి, అది ఏ రబ్బరో చెప్పేస్తాడు. చెప్పమని అడిగేవాళ్లు మాత్రం ఇంతవరకూ రాలేదు. వచ్చినవాళ్లంతా "నల్లది, గట్టిది ఇవ్వండి" అనేవాళ్లే.

"డీజిల్‌కి సహజ రబ్బరు ఆగదండీ," అన్నాడు రసూల్. "లాగితే సాగుద్ది, వదిలితే మళ్లీ మామూలుగా అయిపోద్ది, టైర్లకి దాన్ని మించింది లేదండీ. కానీ నూనె తగిలితే ఉబ్బిపోద్ది. డీజిల్‌కి నైట్రైల్ వేయించండి."

"నైట్రైల్ అంటే ఏ చెట్టుదయ్యా?"

"చెట్టుది కాదండీ. ఫ్యాక్టరీలో చేస్తారు."

"అంటే కెమికల్! మా చేపల దరిదాపులకు కెమికల్ రానిచ్చేది లేదు."

ప్రసాదరావు గారి చెరువుల్లోకి దిగే మందుల పేర్లు చదవడానికి జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. డీజిల్ ఏ చెట్టుకు కాస్తుందండీ అని రసూల్‌కు నోటిదాకా వచ్చింది. పెద్దమనిషిని అడగడం బాగుండదని అడిగిన సరుకే కట్టి ఇచ్చాడు.

ఆ వారంలోనే ఆ ఊరి రైతు సత్యవతి ఇంజను బెల్టు కోసం దుకాణానికి వచ్చింది. నాలుగెకరాల చెరువు కౌలుకు తీసుకుని శీలావతి చేపలు పెంచుతోంది.

"కొత్త పైపులు సంఘం వాళ్లే బిగించేశారండీ. ఇంజనుకి ఏమీ అవదు కదండీ?"

"కాస్త చూసుకుంటా ఉండండమ్మా," అన్నాడు రసూల్, ఆమె మొహం వంక చూడకుండా.

ఆగస్టులో ముసురు పట్టింది. మూడు రోజులు సూర్యుడు కనబడలేదు. నాలుగోనాడు తెల్లవారేసరికి కరెంటు పోయింది, చెరువుల్లో గాలి చాలక చేపలు నోళ్లు తెరిచి పైకి తేలాయి. నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పడానికి రైతులు జనరేటర్లు స్టార్ట్ చేశారు. అరగంట కాగానే అవన్నీ, సంఘ క్రమశిక్షణకు కట్టుబడినట్టు, ఒక్కటొక్కటే ఆగిపోయాయి. పైపులు లోపల ఉబ్బి డీజిల్ దారి మూసేశాయి. మార్చుదామంటే స్పేర్ పైపులు కూడా తీర్మానం ప్రకారం కొన్నవే.

సత్యవతి ఫోన్ చేసింది. "చేపలు తేలిపోతున్నాయండీ, రసూలు గారూ," అంది.

రసూల్ టీ గ్లాసు అక్కడే వదిలి, నైట్రైల్ పైపు చుట్ట బైకుకు కట్టుకుని, వానలో గంటకు పైగా తడుస్తూ వెళ్లాడు. మొదట ఆమె ఇంజనుకే బిగించాడు. ఏరియేటర్ తిరిగి నీళ్లు ఎగజిమ్మింది. అప్పటికే మూడోవంతు చేపలు పోయాయి. తెల్లగా తేలిన వాటి వైపు చూడలేక రసూల్ పక్క చెరువుకు నడిచాడు. మధ్యాహ్నానికి ఊళ్లో ఇంజన్లన్నీ నడిచాయి.

తర్వాతి ఆదివారం సన్మానసభ పెట్టారు. ప్రసాదరావు గారు ఉద్వేగంగా ప్రసంగించారు. "మన సహజ రబ్బరు డీజిల్‌తో చివరి క్షణం దాకా పోరాడింది. లోపం రబ్బరులో లేదు, డీజిల్‌లో ఉంది. విచారణకు కమిటీ వేస్తున్నాం." రసూల్‌కు శాలువా కప్పి, రెండు నిమిషాలు మాట్లాడమన్నారు.

"నూనె తగిలే చోట నైట్రైల్ అండీ. ఎండకీ వానకీ ఈపీడీఎం అని ఉంది, దానికి డీజిల్ పడదు. బాగా వేడెక్కే చోట సిలికాన్. దేని చోటు దానిదేనండీ," అన్నాడు రసూల్.

చప్పట్లు మోగాయి. ముందు వరసలోని ఒక పెద్దాయన లేచి, "అవన్నీ సరే బాబూ, వీటిల్లో మనదేది?" అని అడిగారు.

దీర్ఘ చర్చ జరిగాక, ఎవరి మనసూ నొప్పించకుండా సగం ఇంజన్లకు సహజ రబ్బరు, సగానికి నైట్రైల్ అని తేల్చారు. ఏ సగం ఎవరిదో అధ్యక్షులవారు నిర్ణయిస్తారు. సమ్మతించేవారు చేతులెత్తాలన్నారు. అందరూ ఎత్తారు. చివరి వరసలో సత్యవతి మాత్రం చేతులు ఒడిలోంచి తీయలేదు. ఆమె రసూల్ వైపే చూస్తోంది.

"మీరూ ఎత్తండి రసూలు గారూ, ఫొటో నిండుగా ఉంటుంది," అన్నారు ప్రసాదరావు గారు.

రసూల్ సత్యవతిని చూశాడు, భుజం మీద శాలువాను చూశాడు. చెయ్యి ఎత్తాడు.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. చివరి వరస అందులోకి రాలేదు కనుక తీర్మానం ఏకగ్రీవమని రాశారు. మనమూ చదివి, ఊరంతా ఒక్కమాట మీద ఉండటం ఎంత ముచ్చటగా ఉందో అనుకుని, పేజీ తిప్పాం.