ముద్ర పడని బిడ్డల జిల్లా

"ఈ దినం నుంచి మన జిల్లాలో ఏ తల్లి కడుపులో బిడ్డ మీదా, నా అనుమతి లేకుండా ఒక్క ముద్ర కూడా పడేదానికి లేదు!"

చిక్కబళ్ళాపుర కల్యాణ మంటపం దద్దరిల్లేటట్టు మంత్రి సుబ్బరాయప్ప ఈ ప్రకటన చేయగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టినవాడు గురప్ప. ముద్ర అంటే ఏమిటో గురప్పకి తెలియదు. తెలుసుకున్నాక చప్పట్లు కొట్టేవాడు ప్రేక్షకుడు, తెలియకముందే కొట్టేవాడు కార్యకర్త. బాగేపల్లి తాలూకాలో ఇరవై ఏండ్లు పార్టీ జెండా మోసిన మనిషికి ఆ మాత్రం తేడా తెలుసు.

ముద్రల సంగతి మంత్రిగారికి చెప్పింది డాక్టర్ నయన. బెంగళూరు నుంచి వచ్చిన పరిశోధకురాలు. ఆమె నెల రోజుల కిందటే మంత్రిగారి ఇంటికి వచ్చి అంతా విడమరిచి చెప్పిందట. సభలో మళ్ళీ అందరికీ చెప్పింది.

"తల్లీ తండ్రీ బిడ్డకిచ్చే జీన్లను ఒక పుస్తకం అనుకోండి. అందులో అక్షరాలు మారవు. కానీ తల్లి పీల్చే పొగ, దుమ్ము, తినే తిండి, వీటిని బట్టి కడుపులో ఉన్నప్పుడే కొన్ని పేజీల మీద చిన్న చిన్న ముద్రలు పడతాయి. ఏ పేజీ చదవాలి, ఏది మూసి పెట్టాలి అని శరీరానికి చెప్పేది ఆ ముద్రలే. దీన్ని డీఎన్ఏ మిథైలేషన్ అంటాం. కొందరు పిల్లలకి ఉబ్బసం, అలర్జీలు రావడానికీ ఈ ముద్రలకీ సంబంధం ఉందా అని మేము చూస్తున్నాం."

ఇంత పొడుగు మాటల్లో మంత్రిగారు ఒక్క 'ముద్ర'ని పట్టుకున్నారు. గొప్ప నాయకులు ఒక్క మాట చాలనుకుంటారు.

సభ అయినాక లోపలి గదిలో పని మాటలు మొదలైనాయి. మంత్రిగారు, నయన, మంత్రిగారి పీఏ మునినారాయణ కూర్చున్నారు. గురప్ప తలుపు పక్కన నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళలో తేలతాదమ్మా?" అని అడిగారు మంత్రిగారు.

"కాన్పు కాగానే బొడ్డుతాడు రక్తం తీసుకోవాలి సార్. తర్వాత ఐదేండ్లు ఆ పిల్లల్ని చూస్తూ ఉండాలి."

"ఐదేండ్లా! సర్కారుకే ఐదేండ్లు. అందులో సగం అయిపాయ. నాకి నవంబరు ఒకటో తేదీ రాజ్యోత్సవానికి రిజల్టు కావాల."

"అప్పటికి సగం మంది పుట్టను కూడా పుట్టరు సార్."

"పుట్టకముందే రిజల్టు ఇస్తేనే కదమ్మా మనం ముందుండేది!"

మునినారాయణ ఆ మాటను పేపర్ల వాళ్ళ కోసం రాసిపెట్టుకున్నాడు.

"సరే, ముద్ర పడకుండా ఏం చేయాల?"

"గర్భిణులు దుమ్మూ పొగా పీల్చకుండా చూడాలి సార్. బాగేపల్లి పక్కన గుట్టకిందపల్లి అని ఉంది. అక్కడ ఊరికి ఆనుకొనే రాళ్ళ క్రషర్. ముందు దాన్ని..."

మునినారాయణకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఆ క్రషర్ మంత్రిగారి బామ్మర్ది వెంకటేశప్పది. గదిలో ఆ సంగతి తెలియనిది నయన ఒక్కతే. మంత్రిగారు మాత్రం కోపగించుకోలేదు. ఆయన పెద్దతనం అలాంటిది.

"క్రషర్‌ని ఎందుకు దూరం చేసుకునేది? దాన్ని కూడా మన అభియానలో కలుపుకుందాం," అన్నారు. తర్వాత గురప్ప వైపు తిరిగారు. "గురప్పా, నీది ఆ ఊరే కదా? బాగేపల్లి తాలూకాకి నువ్వే సంచాలక."

గురప్ప కండ్లు చెమ్మగిల్లాయి. ఇరవై ఏండ్లలో అతనికి దొరికిన మొదటి పదవి అది. నీలం రిబ్బన్, ప్లాస్టిక్ కార్డు, కార్డు మీద ఫొటో కూడా ఉన్నాయి.

ఇంటికి పోయేసరికి పెండ్లాం కెంపమ్మ నీళ్ళ కడవలు కడుగుతోంది.

"మెడలో ఏందిది?"

"నన్ను సంచాలకని చేసినారు."

"యాడ?"

"తాలూకా అంతా."

"మరి ఇంట్లో?"

ఈ ప్రశ్నకి ఆర్డర్ కాపీలో జవాబు లేదు. కెంపమ్మ కడవ మీది మూతను వేలితో గీసి అతని ముఖం ముందు పెట్టింది. వేలి కొన తెల్లగా ఉంది. "పొద్దున్నే తుడిచినా. నీ సభ అయిపోయేలోపల ఇంత పడె."

లోపల మంచం మీద చైత్ర కూర్చుని ఉంది. వాళ్ళకి ఒక్కతే కూతురు. సాదలి అనే ఊరికిచ్చారు. అల్లుడు శిడ్లఘట్టలో పట్టు రీలింగ్ పని చేస్తాడు. చైత్రకి ఇప్పుడు ఆరో నెల. తొలి కాన్పుకీ ఇక్కడికే వచ్చింది, మలి కాన్పుకీ ఇక్కడికే వచ్చింది. తొలి బిడ్డ రమ్యకి నాలుగేండ్లు. పరిగెత్తితే ఎదలో పిల్లికూతలు వస్తాయి. పరిగెత్తకపోయినా చలికాలమంతా వస్తాయి. పోనీ కూతుర్ని అత్తింటికి పంపుదామా అంటే అక్కడ వాకిట్లోనే పట్టుగూళ్ళు ఉడికించే పొయ్యి. పెనం మీద నుంచి పొయ్యిలో పడినట్టే.

మరుసటి దినం గురప్ప ఇంటి గోడకి బ్యానర్ కట్టారు. 'ముద్రారహిత గర్భ అభియాన. సహకారం: వెంకటేశప్ప స్టోన్ క్రషర్.' మూడో దినానికి దుమ్ము పడి 'ముద్రారహిత' కనపడలేదు, 'గర్భ' కూడా కనపడలేదు. వెంకటేశప్ప పేరు పెద్ద అక్షరాల్లో వేశారు కాబట్టి అది మాత్రం కనిపించింది.

వారం తర్వాత నయన ఊళ్ళోకి వచ్చింది. తక్కిన ఊళ్ళలో పెట్టినట్టే గాలిలో దుమ్ము కొలిచే డబ్బా ఒకటి గురప్ప మిద్దె మీద పెట్టి, చైత్ర రక్తం తీసుకుంది. సూది తీయగానే చైత్ర అడిగింది.

"మేడమ్, నా పెద్దబిడ్డకి ఈ పిల్లికూతలు నా వల్లనే వచ్చినాయా? మా అత్త అంటాది, కడుపుతో ఉన్నప్పుడు నేనేందో తప్పు చేసినానని."

నయన దూది నొక్కి పట్టుకుంది. "ఎవరన్నా సరే, ఆ మాట నమ్మద్దమ్మా. నువ్వు ఊపిరి పీల్చావు, అంతే. అది తప్పెట్లా అవుతుంది? దుమ్ము ఒక కారణం కావచ్చు, ఇంకా పది ఉండచ్చు. ముద్ర పడినంత మాత్రాన జబ్బు రావాలని కూడా లేదు. కానీ ఆ పదిట్లో మనుషులు ఆపగలిగింది ఈ దుమ్ము. అందుకే అడుగుతున్నా, దాన్ని ఆపమని."

గురప్ప గడపలో నిలబడి అంతా విన్నాడు. మెడలో కార్డు మీద పడిన దుమ్మును చొక్కా అంచుతో తుడిచాడు.

ఆ తర్వాతి ఘట్టం చింతామణి మైదానంలో సామూహిక సీమంతం. జిల్లా నలుమూలల నుంచి మూడువందల మంది గర్భిణుల్ని బస్సుల్లో తెచ్చారు. మంత్రిగారి కార్లు గుంతల్లో పడకూడదని వెంకటేశప్ప ముందు దినమే ఉచితంగా పది లారీల క్రషర్ పొడి తోలించి దారంతా పరిపించాడు. పల్లెల్లో పశువుల మధ్య పెరిగిన పిల్లలకి అలర్జీలు తక్కువని కొన్ని దేశాల్లో తేలిందని నయన ఎప్పుడో ఒక మాట అన్నది. కాబట్టి వేదిక మీద రెండు ఆవుల్ని కట్టేశారు. ఒకటి మంత్రిగారి శాలువా నమిలింది.

పదిగంటలకన్న సభకి మంత్రిగారు రెండున్నరకి వచ్చారు. ఇరవై కార్లు ఒకదాని వెనక ఒకటి మైదానంలోకి దూసుకొచ్చాయి. దుమ్ము లేచి వేదిక కనపడలేదు. ఆ తెల్లటి మబ్బులో నుంచే ఆయన గొంతు వినిపించింది.

"నా ప్రియమైన గర్భస్థ పౌరులారా!"

పుట్టని ఓటర్లని ఉద్దేశించి ఈ రాష్ట్రంలో ఎవరూ ఇంతవరకు మాట్లాడలేదని మునినారాయణ పక్కనున్న విలేకరికి చెప్పాడు.

"మీరు ఏ ముద్రకీ లోబడద్దండి! బయటికొచ్చి పద్దెనిమిదేండ్లు నిండినాక మన పార్టీ గుర్తు మీద ఒకే ఒక ముద్ర వేయండి!"

మునినారాయణ చేయెత్తాడు, బస్సుల వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో చైత్ర చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గుతోంది. దగ్గి దగ్గి రెండు చేతులతో కడుపు పట్టుకుంది. గురప్ప వేదిక మీద నుంచి దిగి నీళ్ళ సీసాతో పరిగెత్తాడు. అదే నిమిషంలో మంత్రిగారు అతన్ని పేరు పెట్టి సన్మానానికి పిలిచారు. గురప్ప తిరిగి చూడలేదు. శాలువా ఆవుకే పోయింది.

పది దినాలకి నయన డబ్బా లెక్కలు వచ్చాయి. అన్ని ఊళ్ళకంటే దుమ్ము ఎక్కువ పీలుస్తున్నది గుట్టకిందపల్లి. ఆ సంగతి ఒక పేపర్లో పడింది. మంత్రిగారు ఒక్క దినం కూడా ఆలస్యం చేయలేదు. సాయంత్రానికల్లా ఆర్డర్ వచ్చేసింది: 'క్రషర్ నుంచి ఒక కిలోమీటర్ లోపల గర్భిణులు నివసించరాదు.'

ఊరంతా పండగ చేసుకుంది. క్రషర్ పోతాందని ఎవరో టపాకాయలు కాల్చారు. గురప్ప ఆర్డర్‌ని రెండుసార్లు చదివాడు. పోయేది క్రషర్ కాదు. కింద ఇంకో వాక్యం ఉంది: 'సదరు గర్భిణులను సంచాలకులు గుర్తించిన సురక్షిత స్థలమునకు తరలించి నివేదిక సమర్పించవలెను. స్థలము:' ఆ పక్కన ఖాళీ గీత. ఆఖర్న మంత్రిగారి సంతకం.

గురప్ప మునినారాయణకి ఫోన్ చేశాడు. "అన్నా, మా ఊళ్ళో పదకొండు మంది ఉండారు. యాడికి తరలించాల?"

"నిజంగా తరలించేదేమీ లేదప్పా. చింతామణి అని రాసి పంపు. ఈ ఊళ్ళో గర్భిణులే లేరని రిపోర్టు అయిపోతాది. దుమ్ము పీల్చే గర్భిణులు సున్న. రాజ్యోత్సవానికి ఢిల్లీ నుంచి అవార్డు కూడా వస్తాది."

"మరి మనుషులన్నా?"

"మనుషులు యాడికి పోతారప్పా? ఆడే ఉంటారు. నీ కూతురి గురించి దిగులా? ఆయమ్మకి బెంగళూరులో ఒక రూము చూపిస్తాలే."

"తక్కిన పది మందికి?"

"వాళ్ళు లిస్టులోనే లేరు కదప్పా ఇంక!"

గురప్ప ఫోన్ పెట్టేసి అరుగు మీద కూర్చున్నాడు. రమ్య వచ్చి అతని తొడ మీద తల పెట్టుకుంది. దాని ఎద మీద చెయ్యి పెడితే లోపల ఎవరో తలుపు కిర్రుమనిపిస్తున్నట్టు ఉంది. పీఏలు ఏమైనా అంటారు, వాళ్ళ బుద్ధి అంతే అనుకున్నాడు గురప్ప. ఈ సంగతి మంత్రిగారికి తెలిసి ఉండదు. ఒక్కసారి ఈ బిడ్డల్ని కండ్లారా చూస్తే ఆ మహానుభావుడే క్రషర్ ఆపుతాడు. ఇరవై ఏండ్లు నమ్మిన మనిషి కదా.

మరుసటి దినం పొద్దున్నే, మామూలుగా సభలకి జనాన్ని తోలే బస్సునే మాట్లాడి పదకొండు మందినీ ఎక్కించాడు. కెంపమ్మ చాపలు, చెంబులు, ఒక బస్తా రాగిపిండి కూడా ఎక్కించింది.

"అర్జీ ఇచ్చేదానికి పోతాంటే రాగిపిండి ఎందుకే?" అన్నాడు గురప్ప.

"నీ మంత్రి సంగతి నీకి తెలుసు. అర్జీల సంగతి నాకి తెలుసు."

చిక్కబళ్ళాపురలో మంత్రిగారి బంగళా చుట్టూ మామిడి చెట్లు. బయటి రోడ్డు సిమెంటు వేసి, పొద్దున్నే నీళ్ళు చల్లి ఉంది. బస్సు దిగిన చైత్ర గుండెల నిండా గాలి పీల్చుకొని కాసేపు అట్లే నిలబడింది. గురప్ప కార్డు సరిచేసుకొని గేటు కాడికి పోయాడు.

"అయ్యగారున్నారా అప్పా?"

"బెంగళూరు పోయినారు," అన్నాడు వాచ్‌మన్.

"పోనీ అమ్మగారు?"

"లోపల ఎవురూ లేరప్పా. అమ్మగారూ కోడలమ్మా మడికేరిలో ఉండారు. కోడలమ్మకి ఇప్పుడు ఏడో నెల. ఆ బెంగళూరు డాక్టరమ్మ ఇంటికొచ్చి ముద్రలూ దుమ్మూ అని చెప్పిపోయింది చూడు, ఆ మరుసటి దినమే అయ్యగారు ఇద్దర్నీ కార్లో ఎక్కించినారు. ఈ జిల్లా గాలి పనికిరాదంట."

గురప్ప వెనక్కి తిరిగి పదకొండు మందిని చూశాడు. తర్వాత జేబులో నుంచి ఆర్డర్ తీసి గేటు మీద పరిచి, కింద సంతకం ఎవరిదో వాచ్‌మన్‌కి చూపించాడు. వాచ్‌మన్ సంతకం గుర్తుపట్టి సల్యూట్ కొట్టి గేటూ, ఇంటి తలుపూ తెరిచాడు.

"పెన్నుండాదా అప్పా?" అని 'స్థలము' పక్కన ఖాళీ గీత మీద వేలు పెట్టి అడిగాడు గురప్ప. "ఈ ఇంటి నంబరెంత?"

అప్పటికే కెంపమ్మ చాపలు చంకన పెట్టుకొని మెట్లెక్కేసింది. లోపల్నుంచి కేకేసింది.

"ఏమే చైత్రా, ఈడ ఆరు రూములుండాయి! గాలొచ్చే రూము ఏదో చూసుకో!"